రెండు పచ్చలు

"ఏ పచ్చమ్మా?" అన్నాడు కుర్చీలకు గుడ్డ వేసే ఆయన, శాంపిల్ పుస్తకం నా ఒళ్ళో పెట్టి.

నాకు ఒళ్ళు మండింది. ఫోనులో నేను చెప్పింది పచ్చ వెల్వెట్ అని. ఆయన తెచ్చినవన్నీ ఆకుపచ్చలు. మా అమ్మకు లేత ఆకూ పచ్చే, పండిన నిమ్మకాయా పచ్చే, కామెర్లొచ్చిన కళ్ళూ పచ్చే. ఆవిడ కడుపున పుట్టినందుకు నా నోటికీ అదే మాట వచ్చింది.

"పసుపండీ బాబూ! కుర్చీ ఎదురుగానే ఉంది కదా, కనబడడం లేదా?"

నిజానికి కోపం ఆయన మీద కాదు. లోపలున్నది భయం. అమ్మ జ్వరంతో ఆస్పత్రిలో చేరి పది రోజులైంది. మతిమరుపు అంతకుముందే ఉంది గానీ, ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నన్ను మరిచిపోలేదు. అక్కడికి వెళ్ళాక రెండుసార్లు నన్ను "నర్సమ్మా" అని పిలిచింది. "తెలిసిన వస్తువుల మధ్యకు వెళితే మనుషులూ గుర్తుకు రావచ్చు. ఇంట్లో ఏదీ మార్చకండి" అన్నారు డాక్టరుగారు. అప్పటికే నేను తగుదునమ్మా అని ఆవిడ కుర్చీ గుడ్డ చించి పారేశాను. జ్వరంలో తడిసి కంపు కొడుతోందని. వెనకవైపు గుడ్డ మాత్రం మిగిలింది. అమ్మ రోజూ అడిగేదేమో ఒక్కటే: "నా పచ్చకుర్చీ ఏదీ?"

మర్నాడు సాయంత్రం ఆవిణ్ణి ఇంటికి పంపేస్తున్నారు.

ఆయన నాలుగు చిన్న మేకులు పళ్ళ మధ్య పెట్టుకుని కుర్చీని తలకిందులు చేశాడు. అవి మింగేస్తాడేమోనని నాకింకో భయం. పట్టకారుతో వెనక గుడ్డ అడుగు మడత ఊడదీసి, "ఇటు చూడండి" అన్నాడు పళ్ళ సందుల్లోంచి.

మడత లోపల గుడ్డ నిగనిగలాడుతోంది. చిక్కటి ఆకుపచ్చ.

"కిటికీ పక్కన ఉండేది కదూ? ఎండకి దీంట్లో నీలం ముందు పోయిందమ్మా, పసుపు మిగిలింది. కొన్నప్పుడు ఇది ఆకుపచ్చే."

నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అది పసుపు కుర్చీయే. ఇప్పుడు అమ్మ అడుగుతున్న పచ్చ ఏది?

మడతలోంచి ఒక ఆకుపచ్చ ముక్కా, పైనుంచి ఒక పసుపు ముక్కా కత్తిరించుకుని ఆస్పత్రికి పరుగెత్తాను. అమ్మ రెండింటినీ తడిమి, "రెండూ పచ్చే" అని తేల్చేసి, ఒకదాంతో మూతి తుడుచుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తిరిగి వస్తుంటే ఒకటే ఆలోచన. తప్పు గుడ్డ వేస్తే అమ్మకు కుర్చీ దొరకదు, కుర్చీ దొరక్కపోతే నేనూ దొరకను. కొత్త సంగతులు పోయినా పాతవి గట్టిగా నిలుస్తాయని డాక్టరుగారు ఎప్పుడో అన్నారు. అన్నిటికన్నా పాతదంటే మొదటి రంగే కదా అనుకున్నాను.

"ఆకుపచ్చ వేసెయ్యండి."

"ఇంకోసారి ఆలోచించుకోండమ్మా. కత్తెర పడ్డాక నేనేం చెయ్యలేను."

"నాకీ మాత్రం ధైర్యం ఉండగానే వేసెయ్యండి!"

మర్నాడు అమ్మ గుమ్మంలో ఆగిపోయింది. గోడలకేసి, బల్లకేసి పరాయి ఇంట్లోకి వచ్చినట్టు బెదురుగా చూసింది. అప్పుడు కుర్చీ కనబడింది. అమ్మ మొహం విచ్చుకుంది.

"అమ్మయ్య, వచ్చేసిందా!" అంటూ నా చెయ్యి వదిలేసి, గబగబా వెళ్ళి కూర్చుంది. చేతుల మీద వెల్వెట్ నిమిరింది. "నడుం లాగేస్తోంది, ఒక మంచి కుర్చీ కొనండి మహానుభావా అని ఆయన్ని ఎన్నాళ్ళు పోరానో!"

గెలిచాననుకున్నాను. కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మా, నేనెవర్ని?" అన్నాను.

అమ్మ నన్ను పరకాయించి చూసింది. ఎంతో మర్యాదగా, "మీరు కొట్టునుంచి వచ్చారాండీ?" అంది.

పుట్టి బుద్ధెరిగాక అమ్మ నన్ను మీరు అనడం అదే మొదలు. ఆవిడ నా వైపు వంగి, నా చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది.

"ఎనిమిదో నెలండీ. చూడండి, ఎలా తంతోందో. నాకెందుకో ఆడపిల్లే అనిపిస్తోంది."

ముడతలు పడిన ఆ పొట్ట మీదనుంచి చెయ్యి తియ్యాలంటే నాకు భయమేసింది.

"ఆడపిల్లేనండీ" అన్నాను.