ముత్తవ్వ ఒళ్లో చాట

నేను ఒక బీడీల చాటను. మెట్‌పల్లిలో ఒక మేదరి ఇంట్లో పుట్టాను. నన్ను అల్లినాయన బియ్యం చెరగడానికని అల్లాడు. కొన్న ముత్తవ్వ మాత్రం నన్ను ఒళ్లో పెట్టుకుని, మోకాళ్ల మీద కుదురుగా కూర్చున్నానో లేదో చూసుకుంది. అప్పటినుంచి తునికాకు, తంబాకు, దారం, ఇదే నా లోకం. బియ్యం మొహం ఎన్నడూ చూడలేదు.

ముత్తవ్వ ఇంట్లో బీడీలు చేసేది కాదు. పొద్దున్నే పొయ్యి పని ముగించి, నన్ను చంకన పెట్టుకుని, పక్క వాడలోని రాజుబాయి అరుగు మీదికి పోయేది. జైనబ్బీతో పాటు ఇంకొందరు ఆడవాళ్లు గోడకు వీపు ఆనించి కూర్చునేవారు. చేతులు వాటి పని అవి చేసుకునేవి, నోళ్లు వాటి పని అవి. భర్త పోయినప్పుడు ముత్తవ్వ ఇంట్లో ఏడవలేదు. దినాలు ముగిశాక అరుగు మీదికొచ్చి, బీడీ చుడుతూ చుడుతూ నా మీదికి వంగి ఏడ్చింది. రాజుబాయి తడిసిన తంబాకు తీసేసి, తన చాటలోంచి పొడి తంబాకు ఇంత నాలో పోసింది.

ఏళ్లు గడిచాయి. నా బద్దలు వదులైనప్పుడల్లా ముత్తవ్వ మెంతులూ పాత కాగితాలూ నానబెట్టి రుబ్బి, నాకు పూసి ఎండబెట్టేది. ఆమె వేళ్లకు అలాంటి పూత ఏదీ లేకపోయింది. అవి వణకసాగాయి. ఆమె కట్టిన కట్టల్లో సగం కార్ఖానాలో తీసి పక్కన పడేసేవారు.

కొడుకు పోశెట్టి సెంట్రింగు మేస్త్రీ. ఒకరోజు తల్లి ముందు కూర్చుని, "అవ్వా, ఇంగ సాలు. చేసినకాడికి చేసినవ్. మంచిగ కూసోని తిను," అన్నాడు. మెత్తటి పరుపు కొన్నాడు. మంచానికి ఎదురుగా టీవీ పెట్టించాడు. నన్ను సజ్జ ఎక్కించాడు. కోడలు గంగామణి వేళకు అన్నం పెట్టేది, మందులిచ్చేది. ఎవరూ ఏ లోటూ చేయలేదు. అందుకే ముత్తవ్వ ఎవరితోనూ ఏమీ చెప్పుకోలేకపోయింది.

సజ్జ మీదినుంచి అంతా చూస్తూ ఉండేదాన్ని. ఆమె పగలంతా పడుకునేది. కంచంలో సగం అన్నం వదిలేసేది. టీవీలో ఎవరో ఆడమనిషి ఏడుస్తుంటే, "ఏమైందే బిడ్డా?" అని అడిగేది. ఆ డబ్బా జవాబు చెప్పేది కాదు. డాక్టరు బీపీ చూశాడు, షుగరు చూశాడు, బలానికి సీసా మందు రాశాడు. ఈ మధ్య ఎవరితో మాట్లాడావమ్మా అని మాత్రం అడగలేదు. మనుషులు ముసలివాళ్లకు విశ్రాంతి ఇచ్చే పద్ధతీ, పాత సామాను సజ్జ ఎక్కించే పద్ధతీ ఒకటేనని నాకు అక్కడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ముత్తవ్వ కర్రతో నన్ను కిందికి లాగింది. కొంగుతో దుమ్ము తుడిచి చంకన పెట్టుకుంది. గోడలు పట్టుకుంటూ రాజుబాయి అరుగు చేరింది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. రాజుబాయి జరిగి చోటిచ్చింది. జైనబ్బీ గుప్పెడు ఆకు నాలో వేసి, "ఈనెలు తియ్యక్కా, ఊకె కూసుంటె నిద్రొస్తది," అంది. ఆ పూట ముత్తవ్వ మాట్లాడిన మాటలు, ఇంట్లో ఏడాదంతా కలిపినా ఉండవు.

ఆమె రోజూ పోతున్న సంగతి పోశెట్టికి పని దగ్గర ఎవరో చెప్పారు. అతను నేరుగా అరుగు దగ్గరికొచ్చి తల్లి ఒళ్లోంచి నన్ను గుంజాడు. ఆకులు చెదిరిపోయాయి.

"నా ఇజ్జత్ తీస్తున్నవ్ గదనే అవ్వా! ఈ వయసుల తల్లితోని పని చేపిస్తున్నడని అంటున్రు జనం."

ముత్తవ్వ తన చేతుల వైపు చూసుకుంది. రాజుబాయి దారం పక్కన పెట్టింది.

"మీ అవ్వ ఈడ బీడీలు చేస్తలేదు బిడ్డా. ఉత్త చేతులతోని వస్తె ఏమనుకుంటరో అని చాట పట్కొస్తది. మాకు ఆమె పని వద్దు, ఆమె గావాలె. ఇంటికాడ నీతోని ఎప్పుడు నవ్విందో చెప్పు."

పోశెట్టి మెట్టు మీద చతికిలబడి, చెదిరిన ఆకులు ఏరి నాలో వేసి, నన్ను తల్లి ఒళ్లో పెట్టాడు.

"పొద్దుమూకంగ నేనే వచ్చి తీస్కపోత," అన్నాడు.

రోజూ వచ్చేవాడు. వచ్చినవాడు కాసేపు కూర్చునేవాడు. పెండ్లి ఊరేగింపులో బర్రె ఎదురొస్తే తన తండ్రి పెండ్లికూతుర్ని వదిలేసి బండెక్కిన సంగతి అతనికి ఆ మెట్టు మీదే తెలిసింది.

"మా నాయిన గంత పిరికోడా?" అన్నాడు.

"గాయిన్ని నేనే చెయ్యి పట్టి దింపిన," అని ముత్తవ్వ నవ్వింది. అతను తల్లి ముఖంలోకి చాలాసేపు చూశాడు.

తర్వాత ఆమె కాళ్లు పడిపోయాయి. అరుగుకు పోలేక గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు చూసి రాజుబాయి, జైనబ్బీ, మిగతా అందరూ చాటలతో సహా ఆ ఇంటికే వచ్చేశారు. గంగామణి టీవీని మూలకు జరిపి చాపలు పరిచింది. ముత్తవ్వ కళ్లు మూసుకుని వినేది. నేను ఖాళీగా ఆమె పొట్ట మీద ఉండేదాన్ని. ఆమె వేళ్లు నా అంచు వెంట తిరిగేవి. ఒకరోజు జైనబ్బీ ఏదో చెప్తే అందరూ నవ్వారు. ముత్తవ్వ ముఖం మీదా నవ్వు ఉంది. అది అలాగే ఉండిపోయింది.

దినాలు ముగిశాక ఆడవాళ్లు తమ చాపలు తీసుకుపోవడానికి వచ్చారు. రాజుబాయికి కూడా ఇప్పుడు నడుము వంగింది. ఆమె చాప చుడుతుంటే పోశెట్టి గడపలో నిలబడ్డాడు.

"అత్తా, ఏడికి? రేపు గూడ ఈడికే రాండ్రి."

"మీ అవ్వ లేదు గద బిడ్డా."

"లేదనే రమ్మంటున్న."

రాజుబాయి చాప మళ్లీ పరిచింది.

ఇప్పుడు నా అడుగు ఊడిపోయింది. వాళ్లు పని చేసుకునే గది మూలన ఆకు ముక్కల చెత్త నా మీద పోస్తుంటారు. రేపో మాపో గంగామణి నన్ను పొయ్యిలో పెడుతుంది. నాకు బెంగలేదు, చాలా అలసిపోయాను. అయితే జైనబ్బీ ఇప్పుడే ఏదో ముచ్చట మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా ఆగితే బాగుండును.