తెరుచుకోని నోరు

కిటికీ కింద గోడ మీద ఎండి అట్టలు కట్టిన ఎర్రటి ఉమ్మిని విమలమ్మ రేకుముక్కతో గీకుతోంది. ఫినాయిల్ పోసి నానబెట్టినా వదలడం లేదు. ఆ పొడి రాలి ముక్కులోకి పోయినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుంటోంది. గీకిన చోటే రేపు మళ్లీ ఉమ్ముతారు. ఎవరు ఉమ్ముతారో కూడా ఆమెకు తెలుసు.

ఎల్లారెడ్డి దారిలో ఉన్న ఆ ఊరి గ్రంథాలయంలో ఊడ్చే పనికి చేరకముందు ఆమె పాతికేళ్లు బీడీలు చుట్టింది. అన్నం కలిపితే అన్నంలో, బిడ్డను ఎత్తుకుంటే బిడ్డ తలలో తంబాకు వాసనే. భర్త దగ్గి దగ్గి పోయాక బీడీల చాటను పొయ్యిలో పెట్టేసింది. ఇక ఈ జన్మకు తంబాకు మొహం చూడనక్కర్లేదనుకుంది. ఇక్కడికొస్తే అది నమిలి ఉమ్మిన రూపంలో ఎదురైంది.

లోపల కొత్తగా ఆరోగ్య సమాచారం చెప్పే తెర పెట్టారు. బొమ్మను తాకితే చాలు, ఆ జబ్బు సంగతి తెలుగులో చదివి వినిపిస్తుంది. చదువు రానివాళ్ల కోసమేనట. కానీ గ్రంథపాలకుడు చక్రధర్ దాని మీద ఎప్పుడూ దుప్పటి కప్పి ఉంచుతాడు. "వీళ్ల చేతులు చూసినవా? గలీజు చేస్తరు," అంటాడు. రోజూ కామారెడ్డి నుంచి బస్సులో వచ్చి, దుప్పటి తీసి, దొరికిన మనిషిని తెర ముందు నిలబెట్టి ఫోటో తీస్తాడు. దాన్ని పై ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టి, తెరను మళ్లీ కప్పేస్తాడు.

ఆ రోజు దొరికినవాడు ఆశన్న. కామారెడ్డి బెల్లం గంజ్‌లో హమాలీ చేసి, నడుము పట్టేసి ఊరికి తిరిగొచ్చిన మనిషి. బుగ్గలో ఎప్పుడూ గుట్కా ఉంటుంది. విమలమ్మ గీకే గోడ అతని పుణ్యమే.

"బొమ్మ మీద ఏలు పెట్టు. ఆఁ. జర పండ్లు కనవడేటట్టు నవ్వు," అన్నాడు చక్రధర్.

ఆశన్న పెదాలు కాస్త సాగాయి. అంతే.

"నోట్లది ఊంచి రాపో!"

"నోట్ల ఏం లేదు సారూ. నిన్నటి సంది ఏస్కోలే."

"పీనుగ కాడికి వచ్చినట్టున్నది మొఖం," అని విసుక్కుంటూ ఫోటో తీసుకుని, చక్రధర్ చాయ్‌కి వెళ్లిపోయాడు.

విమలమ్మ దుప్పటి కప్పబోయింది.

"ఆగక్కా," అన్నాడు ఆశన్న. "నోటిది గూడ చెప్తదట గదా. గది పెట్టు జర."

అతను దగ్గరికి రాగానే ఆమె ఊపిరి బిగబట్టింది. నోటి బొమ్మను తాకింది. తెరలోని ఆడగొంతు నింపాదిగా చెప్పింది: "మీ మూడు వేళ్లను ఒకదానిపై ఒకటి ఉంచి, నిలువుగా నోటిలో పెట్టి చూడండి. పట్టకపోయినా, మానని పుండు ఉన్నా, ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించుకోండి."

ఆశన్న వేళ్లు పెట్టాడు. ఒక్క వేలు దూరింది. రెండోది పళ్లకు తగిలి ఆగిపోయింది.

"ఎన్నాళ్ల సంది గిట్ల?"

"ఉగాది ముంగటి సంది. బుక్క పోతలేదు. గంజి తాగుతున్న. ఇంట్ల చెప్పలే." బుగ్గ మీద చెయ్యి వేసుకుని, "లోపల ఏమున్నదో నాకు కనవడ్తలేదు. జర చూడరాదే అక్కా," అన్నాడు.

ఆమె ఫోన్ లైటు వేసింది. కుళ్లిన వాసన మొహానికి కొట్టింది. బుగ్గ లోపలి తోలు తెల్లగా పాలిపోయి ఉంది. మూలన, పగిలిన దానిమ్మలా పుండు. విమలమ్మ తలుపు దగ్గరికి పరుగెత్తి డోక్కుంది. కొంగుతో మూతి తుడుచుకుని, తిరిగొచ్చి మళ్లీ చూసింది.

"పుండున్నది."

"చిన్నదేనా?"

"పెద్దదే. ఇయ్యాల్నే కామారెడ్డి దవాఖానకు పో."

ఆశన్న తలూపాడు. "గోడ ఖరాబు చేసేటోన్ని నేనే అక్కా."

"ఎర్కే."

ఆశన్న తను తాకిన చోటల్లా భుజం మీది తువ్వాలతో తెరను తుడిచాడు. రోడ్డు మీద బస్సు హారను వినబడితే, తువ్వాలను కుర్చీ మీద పడేసి పరుగు లాంటి నడకతో వెళ్లాడు.

చక్రధర్ నవ్వుతూ తిరిగొచ్చాడు. ఫోన్‌లో ఆశన్న ఫోటో కింద చప్పట్లు, పూలగుత్తులు వరుస కట్టాయి. "చూసినవా? పైనుంచి శెభాష్ అంటున్నరు."

"ఆశన్నకు నోట్ల పుండున్నది సారూ. తెర చెప్పింది. కప్పకుంటే ముందుగాల్నే చెప్తుండె."

"ఛీ! ఆ చేతులతోని తెర ముట్టిండా? మంచిగ తుడిచి కప్పు."

విమలమ్మ దుప్పటిని చుట్టచుట్టి ఫినాయిల్ బకెట్లో ముంచింది.

"ఏం చేస్తున్నవ్?"

"గలీజైంది సారూ. ఇగ కప్పరాదు."

ఆశన్న మళ్లీ రాలేదు. కామారెడ్డిలో చూసి హైదరాబాదు పంపారని, అక్కడ దవడ కోశారని ముక్కలు ముక్కలుగా తెలిసింది. చలికాలంలో ఒక పొద్దున అతని వదిన భూమక్క గుమ్మం దగ్గర ఆగి, "మా మర్ది పోయిండు విమలక్కా," అని చెప్పింది. విమలమ్మ చీపురు కింద పెట్టింది. భూమక్కకు ఇచ్చేద్దామని కిటికీ దాకా వెళ్లి, ఇవ్వలేక నిలబడిపోయింది. వేణ్నీళ్లలో సబ్బు పెట్టి ఎన్నిసార్లు ఉతికినా ఒక మూల ఎర్రగానే ఉండిపోయిన ఆశన్న తువ్వాల, కిటికీ ఊచకు వేలాడుతోంది.