నాలుగో ముక్క

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం, మృగశిర కార్తె ఇంకా రాలేదు. ఎల్లారెడ్డి దారిలోని ఒక పల్లెలో రాజమణి మొండికేసింది. అలాంటిలాంటి మొండి కాదు. తండ్రి పోతూ పోతూ తన చేను ముగ్గురు బిడ్డలకూ సమానంగా పంచమన్నాడు. మొగుడు పోయి, అత్తగారింట నిలువ నీడ లేక వచ్చిన చిన్నబిడ్డ రాజమణికి ఆ మూడోవంతే దిక్కు. అందులో ఏమాత్రం తగ్గినా ఏడాదికి గింజలు చాలవు, కామారెడ్డి పోయి మూటలు మోయాలి.

ఆ ఊళ్లో చేను పంచేది తాడుతో. పెద్దమనిషి కిష్టయ్య చేను పొడవుకు సరిపడా తాడు తీసుకుని సగానికి మడుస్తాడు, మళ్లీ సగానికి మడుస్తాడు. రెండు కొసలూ ఒక్కచోట కలిస్తే ఎవరికీ అనుమానం ఉండదు. మూడు మడతలంటే కంటి అంచనా, దాన్ని ఊరు ఏనాడూ ఒప్పుకోలేదు. అలా తాడు నాలుగు ముక్కలైంది. ముగ్గురికీ మూడు పోగా, మామను సాకింది నేనే గనక నాలుగోది నాదేనన్నాడు పెద్దబావ హన్మంతు. అతని భార్య, పెద్దక్క విమలమ్మ, తల వంచుకుని కూర్చుంది. నడిపక్క భూమక్క పోనీలే అంది. రాజమణికి ఒళ్లు మండిపోయింది.

“నాలుగోదాన్ని మళ్ల నాలుగు చెయ్యి తాతా,” అంది కిష్టయ్యతో.

హన్మంతు నవ్వాడు. అప్పుడూ ఒకటి మిగులుతుంది, దాన్ని కోస్తే మళ్లీ ఒకటి మిగులుతుంది, యుగాంతం దాకా ఇక్కడే కూర్చుంటావా అని ఎకసెక్కమాడాడు. మహానుభావుడు తప్పేం చెప్పలేదు. ఎన్నిసార్లు కోసినా ఒకటి మిగలాల్సిందే.

“కూసుంట బావా. అమ్మ మాకు రొట్టె గిట్లనే పంచింది.”

నిజమే. ఇంట్లో ఒక్కటే జొన్నరొట్టె ఉన్న రోజున తల్లి దాన్ని నాలుగు చేసి, ముగ్గురికీ మూడిచ్చి, మిగిలినదాన్ని మళ్లీ నాలుగు చేసేది. గోరంత పలుకు మిగిలేదాకా తుంచి, దాన్ని కోడికి వేసేది. నాకు తక్కువైందని ఏ బిడ్డా ఏడవలేదు.

కిష్టయ్య కొడవలి అందుకున్నాడు. అరవై నాలుగు బారల తాడు. మొదట ముగ్గురికీ పదహారేసి బారలు వచ్చాయి, తర్వాత నాలుగేసి, ఆపైన ఒక్కొక్కటి. ఎవరి ముక్కలు వాళ్లు ముడివేసుకున్నారు. మంచి తాడు పాడుచేస్తున్నారని హన్మంతు గొణుగుతూనే ఉన్నాడు. ఎండ నెత్తికెక్కింది. ఇక చాలని భూమక్క బతిమాలినా రాజమణి కదల్లేదు. బారకు నాలుగు మూరలు. మిగిలిన బారనూ కోస్తే ఒక మూర మిగిలింది.

కిష్టయ్య మూడు తాళ్లనూ పక్కపక్కన పట్టి చూశాడు.

“గీ కోసుడు ఎన్నడూ ఒడవది బిడ్డా, ఎప్పుడూ ఒకటి మిగులుతది. గాని యాడికి పోయి చేరుతదో ఇప్పుడే కనబడుతున్నది. మూడు తాళ్లు ఒక్కతీరుగ పెరుగుతున్నయి. మిగిలేది సన్నగైతున్నది.”

మరి ఈ మూర ఎవరిదని హన్మంతు పట్టు విడవలేదు. అప్పుడు విమలమ్మ లేచింది. కిష్టయ్య చేతిలోంచి ఆ ముక్క తీసుకుని, చేల నడుమ గెట్టు రావలసిన చోట నేలమీద పెట్టింది.

“ఇది గెట్టుకు. అమ్మయితే కోడికేసేది,” అంది మొగుడి మొహం చూసి.

హన్మంతు పక్కకు తప్పుకున్నాడు. పొద్దున్నుంచి ఒక్క చుక్క రాల్చని రాజమణి అక్క భుజంమీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, తన తాడు పట్టుకుని హద్దురాయి పాతడానికి నడిచింది.