కొత్తదానికేం తీసిపోదు

మంగళవారం సంతలో మా ఊళ్ళో ఎవరూ వస్తువు వయసు సూటిగా చెప్పరు. అమ్మేవాడు "కొత్తదానికేం తీసిపోదు" అంటాడు. కొనేవాడు "మంచి రోజులు ఎప్పుడో చూసేసింది" అని మూతి విరుస్తాడు. మొదటి మాటకి కుర్చీ నిగనిగలాడుతుంది, రెండో మాటకి కాళ్ళు వదులై కిర్రుమంటుంది. బేరం తెగేలోపు అది పాపం నాలుగు జన్మలెత్తుతుంది. ఇంగ్లండులో, ఈ యార్క్‌షైర్ కొండల్లో మిగతా ఊళ్ళ సంగతి నాకు తెలియదు గాని, మా దగ్గర రోజూ అనే మాట వస్తువుకైనా మనిషికైనా అంటుకుని ఇక వదలదు.

అందుకే వాల్టర్ స్కేఫ్ జుట్టు తెల్లబడుతుంటే ఎవరో ఏదో అంటున్నారని ఊరంతా ఒకరి నోటి వైపొకరు చూసుకోవడం మొదలుపెట్టారు. వాల్టర్ గొర్రెల కాపరి, ఇంకా యాభై నిండలేదు. వసంతంలో, పోస్టాఫీసులో స్టాంపులమ్మే ఎడ్నాని పెళ్ళి చేసుకున్నాడు. గడ్డి కోతలయ్యేసరికి నడుం వంగి చేతికర్ర వచ్చింది. గొర్రె నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పే మనిషి, తన పళ్ళే కదులుతున్నాయని రొట్టె టీలో నానబెట్టుకుంటున్నాడు.

నలభై అయిదో ఏట దొరికిన మొగుణ్ణి ఏడాదైనా తిరక్కుండా మట్టిలో పెట్టాల్సొస్తుందేమోనని ఎడ్నాకి గుండె దడ. ఆ దడంతా అనుమానమైంది. పాలవాణ్ణి అనుమానించింది, చర్చి పాస్టరుగారిని కూడా వదల్లేదు. చివరికి, గొర్రెల పోటీలో వాల్టర్ జడ్జి కుర్చీ మీద ఎప్పట్నుంచో కన్నేసిన ఎర్నెస్ట్ బిబ్బీని పబ్బు గుమ్మంలో నిలదీసింది.

"మా ఆయన్ని ఏమంటున్నావ్? కొండలంత పాతవాడనా? ముసలి గొర్రెలా పళ్ళు పొడుగయ్యాయనా?"

ఎర్నెస్ట్ చేతిలో గ్లాసు దించలేదు. "నేనంటే వారానికోసారి అంటానేమో, ఎడ్నా. పొద్దున్నా సాయంత్రం అతని చెవిలో పడేది ఎవరి గొంతో చూసుకో."

ఒళ్ళు మండిపోతూ ఇంటికొచ్చింది. అంటే ఊరు తననే అనుమానిస్తోందన్నమాట. టీ కాచి వాల్టర్ ముందు పెట్టి, తన తల్లి తండ్రిని పిలిచినట్టే, మా వైపు ఆడవాళ్ళంతా ముద్దొస్తే మొగుణ్ణి పిలిచినట్టే పిలిచింది.

"తాగు, ముసలాడా."

అతని కనుబొమ్మలో మిగిలిన ఒకే ఒక్క నల్ల వెంట్రుక ఆమె చూస్తుండగానే తెల్లబడింది.

అప్పుడర్థమైంది ఎడ్నాకి, ఆ మాట తనదేనని. నీకు తెలుసా అని అడిగింది. పెళ్ళైన వారానికే తెలిసిందన్నాడు.

"మరి ఆపలేదేం?"

"అంత ప్రేమగా నన్నెవరూ పిలవలేదు. ఆపితే మళ్ళీ మిస్టర్ స్కేఫ్ అంటావేమోనని."

ఏడుస్తూనే అతన్ని తిట్టింది. మర్నాటి నుంచి "కుర్రాడా" అనడం మొదలుపెట్టింది. మొదట్లో ఆమెకి నోరు తిరగలేదు, అతనికేమో పక్కింటివాణ్ణెవరినో పిలుస్తున్నట్టుండేది. అయినా ఆకులు రాలేనాటికి చేతికర్ర లేకుండా పోటీకి వెళ్ళి, ఎర్నెస్ట్ పొట్టేలుకి మూడో బహుమతి ఇచ్చి వచ్చాడు.

ఆదివారం సాయంత్రం మాత్రం వాల్టర్ టీ కప్పు ముట్టుకోకుండా కూర్చుంటాడు. ఎడ్నా తలుపేసి వచ్చి, వంగి, చెవిలో ఒక్కసారి ఆ పాత పిలుపు పిలుస్తుంది. ఒక వెంట్రుక తెల్లబడుతుంది. అతను దాన్ని వేలితో సర్దుకుని, అప్పుడు టీ తాగుతాడు.