ఖాళీ చేశాడన్నాను

మా తమ్ముడు మా అమ్మ ఇంట్లోనే అద్దెకుండేవాడు. ఉద్యోగంలో చేరగానే "ఇక ఊరికే తిని కూర్చోను" అని మేడమీద గది అద్దెకడిగాడు. మా అమ్మ ఏమన్నా తక్కువ తిన్నదా? "అయితే కరెంటు సర్వీసు కూడా నీ పేరు మీదే పెట్టించుకో" అంది. పంతంకొద్దీ పెట్టించుకున్నాడు. అప్పటినుంచీ ఇంట్లో అందరికీ వాడు 'అద్దెబాబు'.

తల్లీకొడుకులకు క్షణం పడేది కాదు. కుళాయి సరిగ్గా కట్టలేదని ఈవిడ కిందనుంచి అరిచేది. "ఇల్లు ఖాళీ చేసేస్తా" అని వాడు పైనుంచి. "చెయ్యి నాయనా, నీలాంటివాళ్ళు వీధికి పదిమంది" అని ఈవిడ. కాసేపటికి ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని అన్నం తింటూ నన్ను వెక్కిరించేవాళ్ళు.

అమ్మ గుండె ఆపరేషనై ఆసుపత్రిలో ఉండగా, ఆవిడను చూడటానికి వస్తున్న వాడి బండిని లారీ గుద్దింది. ఆసుపత్రిదాకా ప్రాణం నిలవలేదు. "ఇప్పుడే చెప్పకండి, ఆవిడ తట్టుకోలేరు" అన్నాడు డాక్టరు. నేనూ మా ఆయనా ఆఖరి పనులన్నీ ముగించి, ముఖం కడుక్కుని, అమ్మ మంచం పక్కకొచ్చి నవ్వుతూ కూర్చున్నాం. తమ్ముణ్ణి కంపెనీ పనిమీద దూరం పంపారు, అక్కడ ఫోన్లు పనిచెయ్యవు అని చెప్పాను. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది అతికిందనే అనుకున్నాను.

అమ్మ ఇంటికొచ్చాక ఒకరోజు తలుపు సందులోంచి మేడమీది కరెంటు బిల్లు వచ్చి పడింది. దానిమీద వాడి పేరు. ఇక ప్రతి నెలా ఆ పేరు చూడాలా? నావల్ల కాలేదు. కరెంటాఫీసుకు ఫోన్ చేసి, సర్వీసు మీద ఆ పేరు మార్చమన్నాను.

"సర్వీసు ఎందుకు మార్చాలండీ?" అని గుమస్తా అడిగాడు.

అమ్మ పక్క గదిలోనే ఉంది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "ఖాళీ చేశాడండీ" అన్నాను.

"అయితే ఇబ్బందేం లేదు మేడమ్. మళ్ళీ ఎవరో ఒకరు అద్దెకొచ్చేదాకా సర్వీసు ఓనరుగారి పేరుకు మారిపోతుంది. కరెంటు ఆగదు. ఆవిడ ముందే అలా రాసిచ్చారు."

ఇంత తేలికా అనుకుని ఫోన్ పెట్టేశాను. మార్చాక ఓనరుకు ఫోన్ చేసి చెప్పడం వాళ్ళ పద్ధతని నాకేం తెలుసు!

మర్నాడు మందులు కొనుక్కుని వచ్చేసరికి అమ్మ మేడమెట్ల మీద కూర్చుని ఉంది. మెట్లెక్కకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాలుగు మెట్లెక్కి ఆగిపోయినట్టుంది, ఆయాసపడుతోంది. ఒళ్ళో ఫోను.

"కరెంటాఫీసువాళ్ళు చేశారే. మీ ఇంట్లో అద్దెకున్నాయన ఖాళీ చేశారు, సర్వీసు మీ పేరున మార్చాం అన్నారు."

మందుల సంచీ కింద పెట్టి దగ్గరికెళ్ళాను.

"కంపెనీ పనని నాకు కథలు చెప్పారన్నమాట. నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయాడా? నేను ఆసుపత్రికి బయల్దేరిన రోజు కూడా ఆ పాడు కుళాయి గురించే అరిచానే. పో, ఖాళీ చేసి పో అన్నాను. మాటవరసకి అన్నాను. ఏ తల్లయినా నిజంగా అంటుందా, నువ్వు చెప్పు?"

"అది కాదమ్మా..."

"ఎక్కడుంటున్నాడో చెప్పు. నేనే వెళ్ళి బతిమాలుకుంటాను. ముందు ఆ ఆఫీసువాళ్ళకి ఫోన్ చెయ్యి. నా పేరు తీసేసి వాడి పేరే పెట్టమను. ఆ గది ఇంకెవరికీ ఇవ్వనని చెప్పు."

ఎప్పుడూ ఎవరినీ బతిమాలని మనిషి. ఆ గుండెను కాపాడదామని ఇన్నాళ్ళూ దాచుకొచ్చాను. అదే గుండె, కొడుకు తనను వద్దనుకున్నాడని నా కళ్ళముందే పగిలిపోతోంది. ఈ శిక్షకన్నా చావు కబురే నయమనిపించింది. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, వాడు నీమీద అలగలేదు. వాడికి నీమీద కోపం లేదు. ఒట్టు."

"మరి?"

"తమ్ముడు... పోయాడమ్మా."

ఆవిడ ముఖం ఒక్కసారిగా తేటపడింది. కోపం లేదన్న మాటొక్కటే చెవిన పడినట్టుంది.

"కోపం లేదు కదా, అంతే చాలు. పోతే పోయాడులే" అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మళ్ళీ ఎప్పుడొస్తానన్నాడు?"