కాఫీపొడి అద్దిన వేలు

ఆరోగ్య కార్యకర్తల శిక్షణ చివరి రోజు డాక్టరమ్మ నివీన్ మా తోడికోడలు దమియానా పేరు చదివింది. ఇకనుంచి మా మొఖత్తం కొండ కింద చెత్త ఏరే ఇళ్ళన్నిటికీ వెళ్ళి ఆడవాళ్ళకు జాగ్రత్తలు చెప్పేది ఆమేనట. తెల్లకోటు కూడా ఇచ్చారు, జేబు మీద పేరు కుట్టి. అందరూ చప్పట్లు కొడుతున్నారు కనక నేనూ కొట్టాను.

ఆ కోటు నాకు రావలసింది. ముప్పై ఏళ్ళుగా ఏరుతున్నాను. ప్లాస్టిక్కును నలిపితే వచ్చే చప్పుడును బట్టి అది ఏ కుప్పలోకి పోవాలో చెప్పగలను. దమియానా దూరాన మిన్యా ఊరి నుంచి కోడలిగా వచ్చి ఎనిమిదేళ్ళయింది. మొదటి నెలంతా ఈ కంపుకు వాంతులు చేసుకుంటుంటే ఆమె తల పట్టుకున్నది నేను. ఏ డబ్బా ఎటు వెయ్యాలో నేర్పింది నేను. ఆమెకు చదవడం వచ్చు, నాకు రాదు. అంతే తేడా.

మొదటి పాఠం మా ఇంట్లోనే పెట్టింది. కింది గదిలో బస్తాల మధ్య పన్నెండుమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. దమియానా మోచేతుల దాకా వచ్చే మందపాటి తొడుగులు వేసుకుని చూపించింది.

"వీటితో ఏరితే సాయంత్రానికి ఒక్క బస్తా కూడా తెమలదు," అన్నాను.

"నెమ్మదైనా ఫర్వాలేదక్కా. చెత్తలో వచ్చే ఇంజెక్షను సూది గుచ్చుకోకుండా ఉంటే చాలు."

"పని రాని వాళ్ళకు గుచ్చుకుంటాయి. నా చేతులకు కళ్ళున్నాయే!"

పక్కింటి ఉమ్ జిర్జిస్ పకపకా నవ్వింది. "అయితే కళ్ళు మూసుకుని ఏరు, చూద్దాం ఇన్సాఫ్!"

నాకు కావలసిందీ అదే. తలగుడ్డ కళ్ళ మీదికి లాక్కుని ఎదుటి బస్తాలో చెయ్యి పెట్టాను. నీళ్ళ సీసా. పెరుగు డబ్బా. షాంపూ బుడ్డి. ఒక్కొక్కటీ పేరు చెప్పి మరీ దాని కుప్పలోకి విసిరాను.

"పాఠం నువ్వే చెప్పు తల్లీ, ఆ పిల్లెందుకు!" అన్నారెవరో.

ఆ మాట ఇంకా చెవిలో తియ్యగా ఉండగానే మధ్యవేలి కొసలో చురుక్కుమంది.

చెయ్యి తీసి పిడికిలి బిగించాను. "టీ పెట్టుకొస్తా," అని పైకి వెళ్ళిపోయాను.

వంటింట్లో వేలు గట్టిగా పిండి, వచ్చిన రక్తం మీద కాఫీపొడి అద్దాను. మా అత్త అలాగే చేసేది. ఈ ఇంట్లో ఎవరి చెయ్యి తెగినా నేను చేసేదీ అదే. వెనక అడుగుల చప్పుడైంది.

"ఎక్కడ గుచ్చుకుందక్కా?"

"ఎక్కడా లేదు. కాఫీ కలుపుతున్నా."

"టీ అన్నావుగా?"

కాఫీపొడి డబ్బాకు మూత బిగించాను.

"బస్తాలో సూది దొరికింది. దాని మీద రక్తముంది. చెయ్యి చూపించు."

"చూపిస్తాను. కిందికెళ్ళి 'కళ్ళున్న చేతులు చూశారా' అని నలుగురిలో చెప్పు. నీ కోటుకు ఇంకా శోభ!"

"పిండకూడదక్కా, పొడి అద్దకూడదు, సబ్బుతో కడగాలి," అంది దమియానా. కుళాయి తిప్పి సబ్బు తీసింది.

"నాలుగేళ్ళ కిందట నాకూ గుచ్చుకుంది. నువ్వే కాఫీపొడి అద్ది గుడ్డ కట్టావు, గుర్తుందా?"

గుర్తుంది. ఏడుస్తుంటే కసిరాను కూడా.

"మరుసటేడు రక్తపరీక్షలో ఆ సూది అంటించిన కాలేయం జబ్బని తేలింది. మూడు నెలలు మాత్రలు మింగాను. కడుపునొప్పికని నీతో అబద్ధమాడాను."

"ఇప్పుడూ..."

"తగ్గిపోయింది."

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు నా మంచికే కట్టావక్కా. ఏమని చెప్పను?"

నీళ్ళ కింద వేలు పెట్టాను. నల్లటి పొడి కొట్టుకుపోయింది. నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే సిగ్గుకన్నా ముందు కడుపు మండింది. చదువూ ఆమెదే, కోటూ ఆమెదే. ఇన్నాళ్ళు నోరు మూసుకున్న మంచితనం కూడా ఆమెదేనా?

"ఈ రోజే ఆసుపత్రికి పోవాలి. ఆలస్యం చెయ్యకూడదు," అంది వేలికి శుభ్రమైన గుడ్డ చుడుతూ. "నువ్వు వెనక మెట్ల మీద దిగు. వాళ్ళకు నేనేదో ఒకటి చెప్తాలే."

నా ఇంట్లో నేను దొంగలా దిగాలా? పైగా నా పరువు కాపాడిన పేరు కూడా ఆమెకే!

ముందు మెట్ల మీదనే దిగాను. పన్నెండుమంది మధ్యకు వెళ్ళి, గుడ్డ విప్పి వేలు పైకెత్తాను.

"ఉమ్ జిర్జిస్, నవ్వింది చాల్లే, ఇటు చూడు. ఇందాక సూది గుచ్చుకుంది. వేలు పిండాను, తప్పు. కాఫీపొడి అద్దాను, ఇంకా పెద్ద తప్పు. పారే నీళ్ళ కింద సబ్బుతో కడగాలి. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి."

"మరి కాఫీ పెడితే ఏమవుతుందేం? మేమంతా పెట్టినవాళ్ళమేగా!" అంది ఉమ్ జిర్జిస్.

మెట్ల మీద నుంచి దమియానా నోరు తెరవబోయింది.

"నువ్వుండవే," అన్నాను. "వేలు నాది. నేను చెప్తా."

నా పాఠం ముగిసి మేం ఆసుపత్రికి బయల్దేరేసరికి మరో పావుగంట పట్టింది.