రెండు బారల లోతు

గోదావరి పాయల్లో ఏ ఇసకమేట ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగల మొనగాడు ఇప్పుడు ఈ కథ రాస్తున్న ముసలాడొక్కడే. ఆ గొప్ప అలా ఉంచి లోవలక్ష్మి దగ్గరికి వద్దాం.

మొగల్తూరు పక్క చేపలు పట్టే ఇంటి పిల్ల. మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే మోటారు పంటుని నడిపే సరంగు కావాలంటే పరీక్ష రాసింది. తనతో పాటు రాసిన గణేష్‌బాబుకి ఎనభై ఒక్క మార్కులు, ఆమెకి డెబ్భై తొమ్మిది. ఆడవాళ్ల కోటాలో ఉద్యోగం ఆమెకే వచ్చింది.

ఆ తేడా ఆమెని దెయ్యంలా పట్టుకుంది. టీకొట్టు దగ్గర ఎవరి ఫోన్లోనో విమాన పైలట్ల కోటా మీద చర్చ నడుస్తోంది. “గాల్లోనైనా నీళ్లలోనైనా మార్కులు చూసే ఇవ్వాలండి,” అన్నారెవరో, ఆమెకి వినపడేలా. జడ వేసుకుంటున్నా రెండు మార్కులే, అన్నం కలుపుతున్నా రెండు మార్కులే.

మొదటి రోజు పొద్దున్నే రేవుని వేలంలో పాడుకున్న పంటు పాటదారు పల్లంరాజుగారు తేల్చి చెప్పేశారు.

“చూడమ్మా, ఈ ట్రిప్పులో మేట ఎక్కించావంటే చుక్కాని గణేష్‌బాబుకి ఇచ్చేస్తాను. అతనూ నేనూ నీ పక్కనే ఉంటాం.”

“ఆయ్, అలాగేనండి.”

నడి ఏట్లో పొగమంచు కమ్మేసింది. అలాంటప్పుడు ముందు అంచున ఒకడు నిలబడి, గెడ ముంచి, లోతెంతుందో బారల్లో కేకవెయ్యాలి. లోవలక్ష్మి తండ్రి చిట్టియ్య ముప్పై ఏళ్లు చేసిన పని అదే. ఆయన ఎప్పుడైనా చుక్కాని అడిగితే, గెడవాడివి గెడ పట్టుకోమన్నారు. ముందటేడు ఈ పాయలోనే పోయాడు. ఇప్పుడు గెడ సామ్యేలుది.

“రెండు బారలూ...” కేక వినిపించింది. “బారన్నరా... బారా...”

ఆమె చుక్కాని ఎడమకి తిప్పింది.

“జీపీఎస్ స్క్రీన్ మీద దారి తిన్నగా ఉంది కదా, ఎటు పోతున్నావు?” అన్నాడు గణేష్‌బాబు.

“అది వరదకి ముందు దారండి.”

ఇందాకటి మొనగాడు ఆ పంటు మీదే ఉన్నాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు గానీ, మేటలు చెప్పడానికి కాదు. పక్కనున్న ప్రయాణికుడు ముసలయ్య సైకిలు పట్టుకుని వణకడానికి.

“రెండు బారలూ...”

ఆమె చుక్కాని తిన్నగా చేసింది. మంచు విచ్చేసరికి వెనక, స్క్రీన్ చూపించిన దారి మీదే కొత్త మేట. దాని మీద కొంగలు.

ఒడ్డు చేరాక సామ్యేలు తలొంచుకుని వచ్చాడు. “రాజుగారండి, తప్పైపోయిందండి. మంచులో నా చెయ్యి నాకే కనపడక భయమేసి చతికిలబడ్డాను. గెడ ముంచలేదు, కేకా వెయ్యలేదు.”

గెడ పొడిగా ఉంది. ముందు అంచున, ఎవరూ నిలబడని చోట, రెండు తడి పాదాల గుర్తులున్నాయి.

“ఆడాళ్ల కోటా అనుకున్నాం,” అన్నాడు ముసలయ్య. “ఇది దెయ్యాల కోటా అండి.”

నవ్వారు. లోవలక్ష్మి నవ్వలేదు. ఈ గెలుపు కూడా నాది కాదా అనుకుంది.

“ఆ కేక నేనూ విన్నానండి,” అన్నాడు గణేష్‌బాబు నెమ్మదిగా. “విని కూడా తిన్నగానే పోనిచ్చేవాణ్ణి.”

పల్లంరాజుగారు ఇంజను తాళం ఆమె చేతిలో పెట్టారు.

తిరుగు ట్రిప్పులో సామ్యేలు బుద్ధిగా గెడ ముంచి కేకలు వేశాడు. ఆమె ఒక్కో కేకా విని, తర్వాత కూడా చెవి ఒగ్గే ఉంచింది. ఇంకేం రాలేదు.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ తడి పాదాలు, అందరూ సామ్యేలు చుట్టూ మూగినప్పుడు కథకి రంగు కోసం నేను పెట్టినవి. కేక మాత్రం నాది కాదు.